రెండో మనిషి

నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి, పైనుంచి కిందికి, తిన్నగా.

సెల్ టవర్. సురేంద్ర 'మనదే' అన్న బటన్ నొక్కాడు.

ఇంకో బొమ్మ వచ్చింది. విమానం. అదీ మనదే.

కోకాపేటలో అద్దాల మేడ ఎక్కి, పొద్దస్తమానం అతను చేసే ఉద్యోగం ఇదే. ఎక్కడో పరాయి దేశపు ఎడారిలో పెద్ద పెద్ద డిష్‌లు ఆకాశానికి చెవి ఒగ్గి కూర్చుంటాయి. వాటికి వినబడిందంతా బొమ్మలై ఇక్కడికొస్తుంది. అది భూమ్మీది రొదేనా, లేక వేరే లోకంలో ఎవరైనా పలికారా? అది తేల్చాలి.

ఇంతవరకూ ఎవరూ పలకలేదు. పలికితే పేపర్లో పడదూ!

ఒక్కో బొమ్మను ఇద్దరు చూస్తారు. ఒకరెవరో ఒకరికి తెలియదు. పేర్లు తెలియనివ్వరు. సురేంద్ర తన మాట చెప్పాకే పక్క గడిలో రెండో మనిషి మాట కనిపిస్తుంది. ఇద్దరికీ కుదరకపోతే టీమ్ లీడ్ నరేందర్ తీర్పు చెబుతాడు.

మొదట్లో ఆ రెండో మనిషితో అతనికి అసలు పడేది కాదు.

గొడవంతా వంకర గీత దగ్గరే. అప్పుడప్పుడూ బొమ్మలో ఓ మూలకి సన్నగా, వంకరగా, సగంలో తెగిపోయి ఒక గీత వస్తుంది. రూలు ప్రకారం అదీ సెల్ టవరే. సురేంద్రకు మాత్రం అలా కొట్టిపారేయడానికి మనసొప్పదు. ఎవరో మాట మొదలుపెట్టి, మొహమాటపడి ఆగిపోయినట్టుంటుంది దాని వాలకం.

'మనది కాదు' అని నొక్కేవాడు. పక్క గడిలో 'మనదే' అని వచ్చేది. ఆ వెనకే నరేందర్ వచ్చేవాడు.

"జర రూల్ చూసి కొట్టు భై. గిట్లయితే క్లయింట్‌కు నేనేం చెప్పాలె?"

అయినా మానలేదు. మొండిఘటం.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన సురేంద్రకు ఈ ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహితుడు గిరీష్. అతను కాస్తా పెళ్ళి చేసుకుని బాచుపల్లికి మారిపోయాడు. నల్లగండ్ల ఫ్లాట్‌లో ఇప్పుడు ఒక్కడే. క్యాబ్ ఎక్కితే ఓటీపీ చెప్పడానికి, భోజనం పార్సిల్ వస్తే ఓటీపీ చెప్పడానికి, అంతే, అతను నోరు విప్పేది. ఒక ఆదివారం ఓటీపీ అడగకుండానే పార్సిల్ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు మాట్లాడే పనే పడలేదు.

మర్నాడు పొద్దున్నే వంకర గీత వచ్చింది. చివాట్లకు సిద్ధపడే 'మనది కాదు' అన్నాడు.

పక్క గడిలో 'మనది కాదు' అని వచ్చింది.

ఓరి నాయనో! పొరపాటున నొక్కారేమో అనుకున్నాడు. రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది గీత. పక్క గడిలో మళ్ళీ అదే మాట.

రూలును కాదని, అచ్చం తనలాగే అనుకుని, తనలాగే నొక్కే ప్రాణి ఈ భూమ్మీద ఇంకొకటుంది!

ఆ సంబరం ఇంతా అంతా కాదు. శని, ఆదివారాలు గడవడం కష్టమైపోయింది. ఆ మనిషి ఏ ఊళ్ళో ఉంటాడో, అక్కడ ఇప్పుడు పొద్దున్నో, సాయంత్రమో. 'ఉంటాడో' బదులు 'ఉంటుందో' అనుకుంటే ఇంకా బాగుంది. సోమవారాలకని కొత్త చొక్కా కూడా కొనుక్కున్నాడు. ఎవరు చూస్తారని, పిచ్చి మారాజు!

నెల తిరిగేసరికి ఇక ఉండబట్టలేదు. ప్యాంట్రీలో టీ పట్టుకుంటున్న నరేందర్ దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, ఒగ మాట అడగాల."

"అడుగు భై."

"ఆ రెండో మనిషి... పేరేం చెప్పొద్దులేన్నా, రూలుంది గదా. ఏ ఊరో చెప్పు, సాలు."

"మనిషా? ఏ మనిషి?"

"నాతో పాటు బొమ్మలు చూస్తాంటారే, ఆ మనిషి."

"అరె, నీకు ఎవ్వరు చెప్పలేదా? పోయిన నెలనే ఆ సీటు తీసేసిన్రు. ఇప్పుడున్నది ఏఐ. నీ పాత జవాబులన్ని ఏసి నేర్పిచ్చినం. టీమ్‌ల సీనియర్‌వి నువ్వే కదా! ఇగ సూడు, అచ్చం నీ లెక్కనే కొడ్తది."

సురేంద్ర ఓ కప్పు తీసుకుని టీ పట్టుకోసాగాడు.

"ఆ వంకర గీత గూడ నీ దగ్గర్నే నేర్సుకున్నది. దాన్ని మాన్పిచ్చెటందుకు మస్త్ పరేషాన్ అయితున్నం," అని నరేందర్ నవ్వాడు. తర్వాత అతని మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఏ, ఎవరనుకున్నవ్?"

"ఎవురో ఒగరు ఉండారనుకున్న్యాలేన్నా."

"జాబ్ గురించి ఫికర్ చెయ్యకు భై. నీ సీటుకేం కాదు."

అదే తన భయమన్నట్టు సురేంద్ర తలూపాడు.

టీ పట్టుకుని సీటుకొచ్చాడు. అద్దం అవతల ఔటర్ రింగ్ రోడ్డు మీద బళ్ళు బారులు తీరి పోతున్నాయి. ఏడుపొచ్చింది. ఆఫీసు కదా, మింగేశాడు.

నాలుగు బొమ్మలు పోయాక వంకర గీత వచ్చింది.

బటన్ మీద వేలు చాలాసేపు ఆగింది.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ గీతకు, రూలు ప్రకారం, 'మనదే' అని నొక్కాడు.

పక్క గడిలో 'మనది కాదు' అని వచ్చింది.