పొయ్యేటోళ్ల మాట

"తలదిక్కు నేను పట్టిన. కాళ్లదిక్కు నువ్వు పట్టు, పెద్దవ్వా!" అన్నాడు ఓదెలు.

మంచం పక్కన చాప పరిచి ఉంది. మంథని చుట్టుపక్కల ఎవరికి ప్రాణం మీదికొచ్చినా, మంచంలో పోకూడదని ఆ మనిషిని నేల మీదికి దింపి, తాళాలు వాయిస్తూ తత్వాలు పాడేది మొండయ్యే. ఇవాళ దించుతున్నది ఆ మొండయ్యనే.

"ఒద్దురా... నేను బతుకుత" అంటూ మొండయ్య రెండు చేతులా మంచం పట్టె పట్టుకున్నాడు.

భార్య భూమవ్వ ఆగిపోయింది. "ఒద్దంటుండు గదరా, ఓదెలూ! జర ఆగు."

"పొయ్యేటోళ్లందరు గట్లనే అంటరు, పెద్దవ్వా. ఇనొద్దు. పెద్దబాపు నాకు నేర్పింది గదే. మనమున్నన్ని దినాలు సావు లేదు, సావొచ్చినంక మనముండం. ఇగ భయపడేదెవలు? పిచ్చి భయం మాట్లాడుతది, మనిషి గాదు అనెటోడు."

ఓదెలు ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పసాగాడు. నొప్పి పుట్టకుండా, అచ్చం మొండయ్య విప్పినట్టే.

మొండయ్యకు తమ్ముడు గుర్తొచ్చాడు, ఈ ఓదెలు తండ్రి. వాడూ ఇలాగే పట్టె పట్టుకుని, "అన్నా, నేను బతుకుత" అన్నాడు. ఆ మాట ఎవరికీ వినబడకుండా మొండయ్య తాళాలు గట్టిగా వాయించాడు. మాట్లాడింది భయమేనని ఇన్నేళ్లూ నమ్మాడు. కాదు, తమ్ముడే మాట్లాడాడు.

చాప చల్లగా వీపుకు తగిలింది. ఓదెలు కళ్లు తుడుచుకుని తాళాలు అందుకున్నాడు.

"మా బాపుకు నువ్వు పాడిందే పాడుత, పెద్దబాపూ."