ఒకే తొర్ర పిల్లలు

"మళ్లీ కరిచింది. చూడు, పన్ను ఎంత లోతుకు దిగిందో," అంటూ బసవమ్మ కోడలి ముందు మణికట్టు చాపింది.

కరిచింది చిలక కాదు. చిలక కరిస్తే ఆవిడ ఇంత యాగీ చెయ్యదు, పంజరం మీద చేతికర్రతో ఒక్కటిచ్చి ఊరుకుంటుంది. కరిచింది ఐదేళ్ల ముత్యం. వసారాలో స్తంభం వెనక నక్కి గోళ్లు కొరుక్కుంటోంది. కొరికి కొరికి వేళ్ల చివర్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి దానికి.

"ఏం చేశారత్తయ్యా దాన్ని?" అంది పుష్పవతి.

"నేనేం చేశాను? పద్యం అప్పజెప్పేదాకా అరటిపండు ఇవ్వనన్నాను. మీ ఆయన్ని అలాగే పెంచాను. వాడెవర్ని కరిచాడు?"

పుష్పవతికి కడుపు పండలేదు. తమ తోట కాపలా ఉండే పున్నమ్మ నాలుగో పిల్ల ముత్యాన్ని రెండేళ్ల కిందట అడిగి తెచ్చుకుని పెంచుకుంటోంది. ఆ పిల్ల నిద్రలో కదిలినా ఆవిడకి మెలకువ వస్తుంది. అంత ప్రాణం.

"అంటుమొక్కకి అతుకు కింద చిగురేస్తే ఏం చేస్తాం? గిల్లి పారేస్తాం. జాలిపడి ఉంచామా, రసం చెట్టు కాస్తా నాటు మామిడై కూచుంటుంది. ఇదీ అంతే, వేరు గుణం. తీసుకెళ్లి పున్నమ్మ గుడిసెలో దింపిరా," అంది బసవమ్మ.

పుష్పవతి కొక్కేనికి వేలాడుతున్న పంజరం వైపు చూసింది.

"వేరు గుణం కాదత్తయ్యా. మన చిలకా, పున్నమ్మ దగ్గరున్న చిలకా ఒకే తొర్రలో పుట్టాయి. నిరుడు గాలివానకి చెట్టు పడితే ఒకటి మనం తెచ్చుకున్నాం, ఒకటి వాళ్లు ఉంచుకున్నారు. ఇది వేలు పెడితే కొరుకుతుంది. అది పిల్లల నెత్తిమీదెక్కి ఊరేగుతుంది. గుణం పుట్టుకలోనే ఉంటే రెండూ ఒకలాగే ఉండాలిగా?"

"పుట్టుకే. మంచిదాన్ని వాళ్లుంచుకుని, పొగరుదాన్ని మనకి అంటగట్టారు."

"కాదు, పెంపకం."

బసవమ్మ మొండిదే గానీ మాట తప్పే మనిషి కాదు. "అయితే రెంటినీ మార్చుకుందాం. నెల రోజులు. ఆ మంచిది ఇక్కడా మంచిగానే ఉంటే నా మాటే నిజం, పిల్లని పంపెయ్యాలి."

"మారిపోతే?"

"పిల్ల మనదే. మళ్లీ నోరెత్తను."

పున్నమ్మ కాదనలేదు. చిలకని అందిస్తూ ఒక్క మాటంది. "దీనికి పంజరం అలవాటు లేదండీ అమ్మగారూ."

మొదటి మూడు రోజులూ కొత్త చిలక "దా తల్లీ, దా" అని గుడిసెలో నేర్చిన మాటే ముద్దుగా పలికింది. బసవమ్మ మురిసిపోయి కోడలి వైపు చూసింది. ఆ తర్వాత మామూలే. వస్తూ పోతూ కర్రతో పంజరం మీద తట్టి "ఏదీ, పలుకు" అనేది. పలికేదాకా జామకాయ ముక్క పెట్టేది కాదు. ఆవిడలో కసి లేదు, ఆవిడకి తెలిసిన పెంపకం అదే.

పుష్పవతి వద్దనవచ్చు. అనలేదు. పైగా రోజూ దేవుడి గదిలో దీపం వెలిగించి, స్వామీ, ఇది కరిచేలా చెయ్యి అని మొక్కుకుంది. పాపమని తెలుసు. అయినా మొక్కుకుంది.

పదో రోజుకి చిలక నోరు మూసుకుంది. ఇరవయ్యో రోజుకి రొమ్ము మీద ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. ఇరవయ్యారో రోజున బసవమ్మ పచ్చిమిరపకాయ అందించబోతే వేలు పట్టి రక్తం వచ్చేలా కొరికింది.

పుష్పవతికి సంతోషంతో కళ్లనీళ్లొచ్చాయి.

బసవమ్మ వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. "సరేనే అమ్మాయ్. నువ్వే గెలిచావు. పిల్ల ఉంటుంది," అంది.

మర్నాడు పొద్దున్నే ముత్యానికి కొత్త గౌను తొడిగి, ఒక చేత్తో దాన్నీ ఇంకో చేత్తో పంజరాన్నీ పట్టుకుని పుష్పవతి తోటకి బయల్దేరింది. మీ పిల్ల ఇంక శాశ్వతంగా మా పిల్లేనని పున్నమ్మతో చెప్పాలి, చిలకల్ని ఎవరివి వాళ్లకి మార్చుకోవాలి. దారంతా ముత్యంతో కబుర్లే. ముత్యం మాత్రం పలకలేదు.

గుడిసె ముందు పున్నమ్మ గంజి తాగుతోంది. ఆ పొగరు చిలక ఆమె మోకాలి మీద కూచుని, ఆమె వేలి చివర మెతుకుల్ని ఏరుకుని తింటోంది. కట్టలేదు, రెక్కలు కత్తిరించలేదు.

"కరవట్లేదా?" అంది పుష్పవతి.

"మొదట్లో కరిచిందండీ. దానెదురుగా తింటా కూచున్నాం, అంతే. ఆకలేసి అదే వచ్చింది."

పుష్పవతి భయపడుతూనే వేలు చాపింది. చిలక మెల్లగా దాని మీదకెక్కి, తల వంచి ఆమె గాజుని ముక్కుతో తడిమింది. ఏడాదిపాటు తన ఇంట్లో ఉండి ఒక్కనాడూ అలా చెయ్యలేదది. పుష్పవతి పంజరంలోకి చూసింది. బోసి రొమ్ముతో రెండో చిలక మూలకి ఒదిగి కూచుంది. తర్వాత తన చేతిలో ఉన్న చిన్న చెయ్యి వైపు చూసింది. వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి.

తను గెలిచిన మాట నిజం. కానీ తను రుజువు చేసింది, కరవడం నేర్పేది తన ఇంటి పెంపకమేనని.

పంజరం కింద పెట్టి తలుపు తీసింది.

"ఏ చిలకని తీసుకెళ్తారండీ?" అని అడిగింది పున్నమ్మ.

"ఏదీ వద్దు, రెండూ నీ దగ్గరే ఉండనీ," అని పుష్పవతి ముత్యం చెయ్యి వదిలింది. "దీన్ని కూడా ఉంచుకో పున్నమ్మా."