నా మీద ఒట్టు

తెనాలిలో రేపల్లె బండి కదిలాక గానీ సూర్యకుమారి కొడుకు చేయి వదల్లేదు.

ఎనిమిది నెలల తర్వాత చూస్తోంది. కాళ్లున్నాయి, చేతులున్నాయి. ఒంటి మీద గీత కూడా పడలేదు. ప్లాట్‌ఫారం మీదే మూడుసార్లు తడిమి చూసుకుంది. మాటే లేదు.

"టిఫిన్ తిన్నావా నాన్నా?"

కౌశిక్ తలూపాడు. తిన్నాననో, వద్దనో తెలియలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఎదుటి సీట్లో పెద్దాయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. పేరు శివరామయ్య. బాపట్లలో మాస్టారుగా చేసి రిటైరయ్యారట. రేపల్లెలో కూతురింటికి వెళ్తున్నారట. చినరావూరు దాటేలోపే అవన్నీ చెప్పేశారు.

"బాబు ఏం చేస్తాడమ్మా?"

"మిలిటరీ అండి. శాంతి సేనలో వేసి ఆఫ్రికా పంపారు. అక్కడ ఒక తెగవాళ్లు ఇంకో తెగవాళ్లని ఊళ్లకి ఊళ్లు నరికేస్తున్నారటండి. ఆ జనానికి కాపలా."

"గొప్ప పనమ్మా."

"గొప్పో ఏమో. నా ప్రాణం మాత్రం నా దగ్గర లేదు. ఏడాదికని పంపారండి. ఎనిమిది నెలలకే పంపించేశారు. ఏ దేవుడు విన్నాడో."

"మీ మొక్కులే కాపాడాయి."

"మొక్కులేం సరిపోతాయండీ. వెళ్లేనాడు తెనాలి స్టేషన్లోనే వీడి అరచెయ్యి నా నెత్తిన పెట్టుకున్నా. చిన్నప్పటి ఒట్టే మళ్లీ వేయించా."

"ఏంటమ్మా ఆ ఒట్టు?"

సూర్యకుమారి చాలా రోజుల తర్వాత నవ్వింది.

"నేను బడిలో పిల్లలకి అన్నం వండటానికి పోతూ వీణ్ని ఇంట్లో ఉంచేదాన్నండి. ఎవరు తలుపు కొట్టినా తీయకు, నా మీద ఒట్టు అని చెప్పి. ఒకరోజు చెరుకుపల్లి నుంచి మా తమ్ముడొచ్చాడు. కుండపోత. గంటసేపు కొట్టాడండి తలుపు. వీడు కిటికీలోంచి చూస్తూ, 'అమ్మ మీద ఒట్టు మామయ్యా, కాసేపు తడు' అన్నాట్ట."

మాస్టారు పడీపడీ నవ్వారు. "మరి ఎప్పుడు తీశాడు?"

"నేనొచ్చి, ఒట్టు తీసి గట్టున పెట్టాన్రా అంటే అప్పుడు తీశాడు. వేసినవాళ్లే తీయాలి కదండీ. తీయగానే మామయ్యకి తువ్వాలందించాడు. తలుపు పక్కనే పట్టుకుని నిలబడ్డాడు, ఆ గంటా."

ఒక్క సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. కౌశిక్ తొమ్మిదో తరగతిలో నాన్న మీద ఒట్టు తప్పి కాలవలో ఈతకు దిగాడు. ఆ నెలలోనే ఆయన పొలంలో కుప్పకూలిపోయాడు. పిల్లవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, సూర్యకుమారి తప్ప. ఆ తర్వాత కౌశిక్ ఏ ఒట్టూ తప్పలేదు.

జంపని దాటాక వాన పట్టుకుంది. జల్లు కొడుతోందని ఎవరో పెట్టె తలుపు మూశారు. వేమూరులో బండి ఆగగానే బయట నుంచి ఎవరో తలుపు దబదబా బాదారు.

కౌశిక్ సగం లేచాడు. అలాగే ఆగిపోయాడు.

"నువ్వు కూర్చో నాన్నా. ఎవరో ఒకరు తీస్తార్లే."

కూర్చున్నాడు. తలుపు దగ్గరున్నవాళ్లు గడియ తీశారు. చంటిబిడ్డను చంకనేసుకుని ఒకామె తడుస్తూ ఎక్కింది. కౌశిక్ తన తువ్వాలు ఆమెకిచ్చి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

మాస్టారు గొంతు తగ్గించారు. "అమ్మా, పోయిన నెల చివరి మంగళవారం నాడు ఘోరం జరిగిందని పేపర్లో వచ్చింది. ఆ దేశమేనా?"

"ఏంటండీ అది?"

"శాంతి సేన శిబిరంలోవాళ్లంతా గస్తీకి వెళ్లారట. గేటు దగ్గర ఒక్కడే కాపలా. ఊళ్లో నరుకుడు మొదలై జనం పరిగెత్తుకొచ్చి గేటు బాదారట. జనం వస్తే గేటు తీసి లోపలికి తీసుకోమనే ఆర్డరు. తాళంచెవి చేతిలో పెట్టుకుని కూడా వాడు తీయలేదట. నలభై మందమ్మా. పిల్లలతో సహా. గేటు బయటే."

సూర్యకుమారి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"మంగళవారమేనండి. నాకు ఫోన్లు వచ్చిన రోజు."

"ఎక్కడినుంచి?"

"ఆ దేశం నుంచే. వీడు ఆదివారం సాయంత్రం తప్ప చేయడండి. ఆవేళ మధ్యాహ్నం మోగింది. వేళకాని వేళ మోగితే చావు కబురేనండి. వీళ్ల నాన్న కబురూ అలాగే వచ్చింది. ఎత్తకపోతే ఆ కబురు లేనట్టే అనుకున్నా. పదకొండుసార్లు మోగింది. లెక్కపెట్టా. ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేశా. డబ్బాలోనూ మోగింది. తర్వాత ఆగిపోయింది."

"పై అధికారులు చేసి ఉంటారు. అందరూ క్షేమం అని చెప్పడానికి."

"నేనూ అలాగే అనుకున్నానండి. ఆదివారం వీడే చేశాడు. ఆ గొంతు విన్నాక అన్నం ముట్టా."

బండి పెనుమర్రులో ఆగి కదిలింది. వాన తెరిపిచ్చింది. చంటిబిడ్డ కౌశిక్ తువ్వాల్లో నిద్రపోతోంది. సూర్యకుమారి ఆ బిడ్డ వైపు కాసేపు చూసింది.

"ఆ గేటు కాడ ఉన్నవాడు మనిషేనంటారా మాస్టారూ? పసిపిల్లలు తలుపు కొడుతుంటే ఎలా చూస్తూ నిలబడ్డాడు? ఏ తల్లి కన్నదో. ఏం చెప్పి పెంచిందో."

కౌశిక్ కిటికీ వైపు నుంచి ముఖం తిప్పాడు. తెనాలిలో బండెక్కాక అప్పుడే నోరు విప్పాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టమని అడగడానికే, ఆ పదకొండుసార్లూ గేటు దగ్గర నుంచి నేనే చేశానమ్మా."