అట్టగోడకు వెనకవైపు

తెల్లారేసరికి కోటగోడకు గూని వచ్చింది.

ముందురోజు సాయంత్రం దర్జీ స్వయంగా రంగు వేసిన అట్టగోడ. అప్పుడు నిటారుగానే ఉంది. ఇప్పుడు రెండు చివర్లూ ముందుకు వంగి, ఎవరినో కౌగిలించుకోబోతున్నట్టుంది.

సాయంత్రం ఆరింటికి నాటకం. రచన, దర్శకత్వం, దుస్తులు అన్నీ దర్జీవే. ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి వాన. ఒకసారి రాజుకి గవదబిళ్లలు.

మూడోసారి వాయిదా కుదరదు. హాలు నాదంటే నాదని అన్నదమ్ములిద్దరు కోర్టుకెక్కారు. కోర్టు మనిషి ఏ క్షణాన వచ్చి కాగితం అంటించినా హాలు మూతే.

అందుకే దర్జీ తన బావమరిదిని ముందు తలుపు దగ్గర కాపలా పెట్టాడు. రాజు వేషం అతనిదే. కిరీటంతో సహా కూర్చున్నాడు.

"గడియ పెట్టేశాను బావా. చీమ కూడా దూరదు."

అప్పుడే వెనక తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో మడత కాగితం.

"అయ్యా, ఈ కాగితం..."

"రంగుల కొట్టు చీటీయేగా? తర్వాత చూస్తాలే. మనిషిని పొద్దున్నే పంపుతానన్నాడు మీ షావుకారు, ఇప్పుడా రావడం? ముందు ఆ గోడ సంగతి చూడు."

ఆయన గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వెనకవైపు రంగు వేయలేదేం?"

"వెనక ఎవరు చూస్తారయ్యా?"

"ఎవరూ చూడరు. అట్టకి తెలుస్తుందిగా. ఒకవైపే తడిపితే ఆరేటప్పుడు అటే ముడుచుకుంటుంది. రెండోవైపూ అంతే పూత పడాలి, పల్చగా."

"నీకెలా తెలుసు?"

"మా నాన్న పుస్తకాలకి అట్టలు కట్టేవాడు."

తెర పక్కన నిలబడి మాటలు అందించే పని దర్జీ భార్యది. ఆవిడ కిసుక్కున నవ్వింది.

"విన్నారా? నా జాకెట్టు లోపలి కుట్లు ఊడిపోతున్నాయంటే అప్పుడూ ఎవరు చూస్తారనే అన్నారు మీరు."

"నువ్వు రాజుకి మాటలు అందించు, చాలు."

ఆయన చొక్కా చేతులు మడిచాడు. గోడని బోర్లా పడుకోబెట్టి, వెనకంతా పల్చగా రంగు పూశాడు. తడి లాగేశాక మూలల మీద ఇటుకలు పెట్టాడు. ఒక ఇటుక తక్కువైతే సంచిలోంచి అరచేయంత తాళం తీసి పెట్టాడు.

"మా గోడనెవడు ఎత్తుకుపోతాడని తాళం కూడా తెచ్చావయ్యా!" అన్నాడు దర్జీ.

ఆయన నవ్వి, దర్జీ భార్య వైపు తిరిగాడు.

"ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారమ్మా?" అని ఆవిడని అడిగాడు.

"ఏడు నెలలు. మా తమ్ముడికి అందరి మాటలూ వచ్చేశాయి, తనవి తప్ప."

తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది. "ఇవాళ కూడా ఆగిపోతే ఈయన ఇక నాటకం ఊసెత్తరండీ. అన్నం ముందు కూర్చుని ఒట్టేశారు."



ఆయన మడత కాగితం విప్పి, పెన్నుతో ఏదో రాసి, గోడ వెనక అతుకు మీద జిగురుతో అంటించాడు.

సాయంత్రానికి గోడ సైనికుడిలా నిలబడింది.

"నేనూ ముందు కూర్చుని చూడొచ్చా?" అని అడిగాడాయన.

"గోడ పడితే ఎవడు పట్టుకుంటాడు? వెనకే ఉండు!"

నాటకం అయ్యేదాకా ఆయన వెనకే ఉన్నాడు. రాజు కోపమొచ్చి గోడని రెండు గుద్దులు గుద్దినా అది చలించలేదు. జనం మూడుసార్లు చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక చూస్తే గోడ వెనక ఎవరూ లేరు. వెనక తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి ఉంది.

"పాపం, మంచినీళ్లయినా ఇచ్చామా?" అంది దర్జీ భార్య.

"పేరు కూడా అడగలేదే. రేపు కొట్టుకెళ్లి కనుక్కుంటాను."

అంతలో రంగుల కొట్టు షావుకారే వేదిక మీదికి వచ్చాడు.

"అదరగొట్టేశావయ్యా! ఏమీ అనుకోకు, పొద్దున్న మనిషిని పంపలేకపోయాను."

దర్జీ, భార్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన అంటించిన కాగితం గుర్తొచ్చి, ఇద్దరూ కలిసి గోడని వెనక్కి తిప్పారు.

బావమరిది కిరీటం పైకి నెట్టుకుని, అతుకు మీది కాగితం చదివాడు. పైన కోర్టు ముద్ర. మధ్యలో, ఈ హాలుకు నేడే తాళం వేయవలెనని ఉత్తర్వు. అడుగున, రంగు వేలిముద్ర పక్కన, గుండ్రటి అక్షరాలు:

"ముందు తలుపునకు లోపల గడియ పెట్టి ఉన్నందున ప్రవేశించలేకపోయితిని. రేపు ఉదయం మరల వచ్చెదను."