అక్కంత నొప్పి

"అక్కకైతే డాక్టరమ్మ, నాకైతే వేడినీళ్ళా?"

చిన్నకోడలు సింకులో గిన్నె ధడాలున పడేసి అడిగింది.

దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చున్న అత్తగారు కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది. "దానిది కడుపునొప్పి తల్లీ. నీది కడుపుమంట."

కాదని చిన్నకోడలు మాత్రం ఎలా అంటుంది? ప్రతి మంగళవారం మధ్యాహ్నం పెద్దకోడలు బట్టలు మార్చుకుని 'పొట్ట డాక్టరమ్మ' దగ్గరికి వెళుతుంది. ఆవిడ మందివ్వదు, సూది వెయ్యదు. పొట్ట మీద మెల్లగా చేతులు వేసి లోపలి కాలేయాన్నీ పేగుల్నీ సర్దుతుందట. తిరిగొచ్చేసరికి అక్క మొహం కడిగిన ముత్యంలా ఉంటుంది. ఆ పూట అంట్లు, బట్టలు, అత్తగారి కాళ్ళు పట్టడం అన్నీ చిన్నదాని నెత్తినే. పైగా మొగుడు కూడా, "పాపం, వదినకి ఒంట్లో బాగుండట్లేదు" అంటాడు. ఆ 'పాపం' తనకెప్పుడైనా దక్కిందా?

"నాకూ నొప్పే. నేనూ వెళ్తా" అని చెప్పులేసుకుంది.

దారంతా దేవుణ్ణి వేడుకుంటూనే ఉంది. "ఏదో ఒకటి ఉందనిపించు స్వామీ. పెద్దదొద్దు. అక్కంత చాలు." ఇలాంటి కోరికలు కూడా ఆయన వినాల్సిందే కదా. విని ఏమనుకుంటాడో!

మందుల షాపు పైన చిన్న గది. సన్నటి మంచం, ఉతికిన దుప్పటి. డాక్టరమ్మ అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకుంది.

"నొప్పెక్కడమ్మా?"

"మా అక్కకెక్కడో అక్కడే."

"మీ అక్కెవరు?"

"మంగళవారం ఆవిడ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి ఆనించింది. మడత పెట్టిన చేతిరుమాలంత బరువు కూడా లేదు.

"ఇది కాలేయం. మీ ఊపిరితో పాటే కిందికీ పైకీ జారుతుంది. నా చెయ్యి దాని వెంట వెళుతుందంతే."

చెయ్యి నెమ్మదిగా బొడ్డు చుట్టూ తిరిగింది. లోపలెక్కడో గుడగుడమంది. చిన్నకోడలి కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఆ చెయ్యి లేచిపోయింది.

"అన్నీ చక్కగా కదులుతున్నాయి. మీకే జబ్బూ లేదమ్మా. ఇంటికెళ్ళచ్చు."

"సరిగ్గా చూడండి!"

"చూశాను."

"ఎడమవైపు?"

"అదీ బంగారంలా ఉంది."

ఇంకెవరైనా అయితే సంతోషించేవారు. ఈవిడ కళ్ళనీళ్ళతో ఇల్లు చేరింది.

వంటింట్లో పెద్దకోడలు, చిన్నది వదిలేసి వెళ్ళిన అంట్లు తోముతోంది.

"ఏమందే?"

"ఏమంటుంది? నీకైతే వారం వారం అంతసేపు చేతులు వేస్తుంది. నన్ను మాత్రం ఏమీ లేదని పంపించేసింది. ఆఖరికి జబ్బులో కూడా పెద్దరికం నీదేనా అక్కా?"

పెద్దకోడలు ముందుగది వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసింది. తడిచేతులు తుడుచుకుని, తోడికోడలి చెవి దగ్గరికి వంగింది.

"నాకూ మొదటిరోజు ఆ మాటే చెప్పిందే. ఏమీ లేకపోతే మానె, చెయ్యి మాత్రం అప్పుడే తియ్యకండమ్మా అన్నాను."