గొంతుల మధ్య ఖాళీ

బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయన ఎవరినీ గుర్తుపట్టడం లేదు. పెదవి విప్పి మాట్లాడిందీ లేదు. జ్ఞాపకం ఏ మాత్రం మిగిలిందో చూడ్డానికి, ఆ రాత్రి వార్డు సద్దుమణిగాక, తలకు వైర్లు అతికించి పరీక్ష మొదలుపెట్టారు. ఇయర్‌ఫోన్లలో రకరకాల గొంతులు వినిపిస్తారు. తెలిసిన గొంతయితే తెర మీద గీత పైకి లేస్తుంది.

భార్యకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటోంది, లేస్తోంది, సంచి జిప్పు ఊరికే తీస్తోంది, వేస్తోంది.

"ఏవండీ, నేనండీ" అని తను రికార్డు చేసిచ్చిన మాట వెళ్లింది. గీత కదల్లేదు. పరాయి గొంతులకూ కదల్లేదు. గొంతుకీ గొంతుకీ మధ్య వదిలిన ఖాళీలో మాత్రం ఎత్తుగా లేచింది.

"ఇదేంటి బాబూ?"

"వైరు వదులై ఉంటుందమ్మా." టెక్నీషియన్ అన్నీ నొక్కి చూసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే లేచింది. చివరికి రికార్డింగ్ ఆపేసి, ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. గీత మాత్రం లేస్తూనే ఉంది, ఎవరో ఆయనతో ఆగకుండా మాట్లాడుతున్నట్టు.

"మీవారికి బాగా దగ్గరివాళ్లెవరో..." అనబోయి టెక్నీషియన్ మాట మింగేశాడు.

ఆమె భర్త చెయ్యి పట్టుకుని చెవి దగ్గరకు వంగింది. "ఎవరండీ మాట్లాడేది?"

దెబ్బ తగిలాక మొదటిసారి ఆయన నవ్వాడు. ఆమె వంక చూసి కాదు, మూసి ఉన్న తలుపు వంక చూసి.

"వస్తానన్నాగా! ఈవిడెవరో చెయ్యి వదలడం లేదు."

ఆమె రెండో చేత్తో కూడా పట్టుకుంది.