హెడ్మాస్టరమ్మ వ్యతిరేకించిన బిల్లు

"ఇదంతా చదివే ఓపిక నాకు లేదు. ఎవరెవరు వ్యతిరేకిస్తున్నారో చెప్పండి, చాలు," అన్నాడు మీసాలాయన, కాగితాలు వెనక్కి తోసేస్తూ.

"మా అత్తగారు."

మీసాలాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎవరు? మా హెడ్మాస్టరమ్మేనా?"

"ఆవిడే. ఈ బిల్లు నెగ్గితే నా పేరు మార్చుకుంటానని నిన్న లాబీలో అందరి ముందూ అన్నారుగా."

"అలాగా! మరి ఆ ముక్క ముందే చెప్పరేం? సంతకం ఎక్కడ పెట్టాలి?"

అల్లుడు పెన్ను మూత తీసి అందించాడు. అవతలి పార్టీ నుంచి అది పదిహేడో సంతకం. బిల్లు నెగ్గాలంటే ఇంకా ఆరు కావాలి.

శాసనసభలో అందరూ అతన్ని అల్లుడుగారనే పిలుస్తారు. ప్రతిపక్షం తరఫున మొదటిసారి గెలిచి వచ్చాడు. అత్తగారిది అధికార పక్షం, ఐదోసారి గెలుపు. సభకు ఎవరు రాలేదో, ఎవరు వచ్చి కునుకు తీశారో పేర్లతో సహా చదివి వినిపించే అలవాటు ఉండటంతో ఆవిడకు హెడ్మాస్టరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. సొంత పార్టీ వాళ్లనీ వదిలేవారు కాదు. అందుకే ఇన్నేళ్లలో ఆవిడ పద్దెనిమిది బిల్లులు తెస్తే పద్దెనిమిదీ ఓడిపోయాయి. లోపలేముందో చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అల్లుడి బిల్లు చిన్నది. వీధులూడ్చే వాళ్ల కోసం ప్రతి వార్డులో ఒక గది, కుళాయి, మరుగుదొడ్డి. అతని నియోజకవర్గంలోనే ఆడవాళ్లు తెల్లారకముందే చీపురు పట్టి, వెళ్లడానికి చోటు లేక, మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగరు. ఒకామె మూత్రపిండాలు పాడై మంచాన పడింది. ఇవాళే సమావేశాలకు ఆఖరి రోజు. సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లులకు పార్టీ ఆజ్ఞ ఉండదు, ఎవరి ఓటు వాళ్లిష్టం. ఇవాళ నెగ్గకపోతే మాత్రం బుట్టదాఖలే.

ముసాయిదా టైపు చేసి అతని చేతిలో పెట్టింది భార్య. ఆమె వకీలు. "కొత్త సభ్యుడన్నాక చేతిలో ఒక మంచి బిల్లుండాలండీ," అంది.

అతను చదివి, "గదికి లోపలివైపు గడియ ఉండాలి అని కూడా చట్టంలో రాయాలా? అది తీసేద్దాం," అన్నాడు.

"అది తీస్తే మొత్తం తీసేయండి," అని కసిరింది.

అవతలి పార్టీ సభ్యుడే అయిన డాక్టరుగారి గదిలో ఇంకో రెండు సంతకాలు దొరికాయి. "మీ అత్తగారి మొహం చూడాలని ఉందయ్యా," అంటూ ఆయన పక్కనున్న స్నేహితుడి చేత కూడా పెట్టించాడు. మిగతా నాలుగూ క్యాంటీన్లో కాఫీ చల్లారే లోపే అయిపోయాయి.

మెట్ల దగ్గర అత్తగారే ఎదురుపడ్డారు. చుట్టూ పదిమంది ఉన్నారు.

"ఏం అల్లుడుగారూ, ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటున్నారట?"

"మీ దయ అత్తయ్యగారూ. మీ పేరు చెబితే చాలు, అడక్కుండానే పెడుతున్నారు."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

"నవ్వండి. సభలో మీ అందరి సంగతీ తేలుస్తాను," అని ఆవిడ విసవిసా వెళ్లిపోయారు.

అల్లుడికి లోపల ఎక్కడో కాస్త చివుక్కుమంది. పెద్దావిడ. అయినా రాజకీయం రాజకీయమే.

మధ్యాహ్నం సభలో అత్తగారు లేచారు. చేతిలో కాగితం ముక్క లేదు.

"అధ్యక్షా! వార్డుకో గది అట. దానికి కిటికీ అట. కుళాయి నడుమెత్తున ఉండాలట, ముసలివాళ్లు వంగలేరని! లోపలివైపు గడియ అట. నెలనెలా ఒక మహిళా అధికారి వచ్చి చూడాలట. ఇన్ని ముద్దుమురిపాలు ఎవరికి జరిగాయి ఈ ఊళ్లో? దీనికి చెయ్యెత్తేవాళ్లు రేపు నా మొహం చూడొద్దు!"

"అదే కదమ్మా మా కోరిక!" అన్నారెవరో వెనక బెంచీల్లోంచి. సభంతా బల్లలు చరిచింది.

ఓటింగు జరిగింది. సంతకం పెట్టని వాళ్లు కూడా చేతులెత్తారు. అనుకూలం నూట పదకొండు. వ్యతిరేకం ఒకటి.

మీసాలాయన పరుగున వచ్చి అల్లుణ్ణి కౌగిలించుకున్నాడు. ఆయన భుజం మీదుగా చూస్తే, అత్తగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్తున్నారు. అల్లుడు వెనకే వెళ్లాడు గానీ అప్పటికే కారు కదిలిపోయింది. వరండాలో ఓ మూలకి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.

"బిల్లు నెగ్గింది," అన్నాడు.

"తెలుసండీ. అమ్మ ఇప్పుడే కార్లోంచి ఫోన్ చేసింది. మాట్లాడలేకపోతోంది, ఒకటే ఏడుపు."

అతని ఉత్సాహం సగం దిగిపోయింది. "నిండు సభలో ఆవిణ్ణి ఒంటరిదాన్ని చేశాను. సాయంత్రం వచ్చి కాళ్లు పట్టుకుంటానని చెప్పు."

"పట్టుకోండి. పట్టుకోవాల్సిందే."

"అంత కోపంగా ఉన్నారా?"

"కోపమెందుకండీ?" అంది భార్య. "ఆ బిల్లు రాసింది అమ్మే."